మేకుల పలక ముందు పన్నెండుమంది

నాకు ఒక డాక్టరేటు మీద కోపం ఉంది. అది పుచ్చుకున్నాయన నాకు బంధువు కాదు, శత్రువూ కాదు. ఆదోనిలో నెలన్నర పాటు నాతో కలిసి తిరిగాడు, నా గ్లాసు పక్కన గ్లాసు పెట్టుకుని టీ తాగాడు, పని ముగించుకుని రైలెక్కాడు. ఆ పరిశోధనలో సగం పాపం నాది. కోపాన్ని ఎవరి మీద ఎంత పెట్టాలో తేల్చుకోలేకపోయాను కనుకనే అది ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను ఒక దినపత్రికకు ఆదోని విలేఖరిని. పత్తి ధరలు, మునిసిపాలిటీ తగాదాలు, ఉరుకుంద తిరునాళ్ళ, వానలు. రాసింది కవరులో పెట్టి సాయంత్రం రైలుకు అందించడం నా ఉద్యోగం. ఒక జనవరి ఉదయం, మా సంపాదకుడికి తెలిసినవాళ్ళు ఇచ్చిన చీటీ పట్టుకుని ఆయన మా ఇంటికి వచ్చాడు. కోస్తా జిల్లాలవాడు. మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి, ఆపైన పరిశోధన పట్టాకు చేరాడు. మెత్తని మనిషి. ఏదైనా చెప్పేముందు కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకునేవాడు.

హోటల్లో ఉగ్గాని తింటూ తన చదువేమిటో చెప్పాడు.

“మనసు ఎలా పనిచేస్తుందో పుస్తకాల్లో చదువుకోవడం వేరండీ. ఆ తెలివిని ఫ్యాక్టరీలో, బడిలో, ఆసుపత్రిలో పనికి పెట్టడం వేరు. మాది ఆ రెండోది. ఏ చేతికి ఏ పని సరిపోతుందో ముందే కొలిచి చెప్పగలిగితే దేశం ఎంత ముందుకు పోతుందో ఊహించండి.”

ఊహించాను. ఆనకట్టలు కడుతున్న కాలం, ప్రణాళికల కాలం. కొలిచి చెప్పేవాడంటే మా అందరికీ గౌరవం. ఆయన ఎంచుకున్న విషయం జిన్నింగు మిల్లు కూలీల హస్తనైపుణ్యం. పత్తిలోంచి గింజ వేరు చేసే మరల దగ్గర పనిచేసే ఆడవాళ్ళ వేళ్ళు ఎంత చురుకో కొలవాలి. ఎండాకాలం లోపల ఆ అంకెలు పట్టుకెళ్ళి గైడు ముందు పెట్టకపోతే ఆయన నమోదు రద్దవుతుంది.

మిల్లులోకి అనుమతి దొరికింది కాని మాట దగ్గర చిక్కు వచ్చింది. ఆయన “వీటిని సాధ్యమైనంత త్వరగా అమర్చాలి” అంటే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ మాటలు ఆయనకూ అందలేదు. అలా నేను మధ్యవర్తినయ్యాను. సిద్ధాంత గ్రంథం ముందుమాటలో నా పేరు రాసి కృతజ్ఞత చెబుతానన్నాడు. నాకు ఇరవయ్యారేళ్ళు. అచ్చులో నా పేరు చూసుకోవడానికి చాలా దూరం పోగల వయసు. ఆ వారమే ‘ఆదోనిలో శాస్త్రీయ పరీక్షలు’ అని ఒక వార్త రాసి పంపాను. అది అచ్చయింది. మిల్లు మేనేజరు ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించుకున్నాడు.

మొదటి రోజు మా ముందు కూర్చున్నది గోనెగండ్ల దిక్కునుంచి సుగ్గికి, అంటే పంటకాలపు కూలికి, వచ్చిన పన్నెండుమంది. అక్కడ మెట్టచేలు ఎండిపోయాక పల్లెలనుంచి కూలీలు ఆదోని మిల్లులకు వచ్చి, గోడ వెనక గుడిసెలు వేసుకుని, పత్తి అయిపోయేదాకా ఉండేవాళ్ళు. ఈ పన్నెండుమందికి పెద్ద ఒక ముసలావిడ. అందరూ పెద్దమ్మా అనేవాళ్ళు. ఎప్పుడో చేలో తుమ్మముల్లు దిగి చీము పట్టి, కుడిచేతి రెండు వేళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. కాని మరల గదిలో ఆవిడ చెవి ముందు ఎవరూ పనికిరారు. రోలరు చప్పుడులో చిన్న తేడా రాగానే “చేతులు తియ్యండే” అని అరిచేది. పత్తిలో కలిసి వచ్చిన ఏ రాయో, ఇనుప ముక్కో చేతిని లాక్కునేలోపు చేతులు బయటికి వచ్చేసేవి. తక్కిన పదకొండుమందికీ పది వేళ్ళు పదిగా ఉన్నాయంటే సగం కారణం ఆ చెవి. చెవిని కొలిచే పరికరం మా పరిశోధకుడి దగ్గర లేదు.

ఆయన దగ్గర ఉన్నది మేకుల పలక. నలభై బెజ్జాలు, నలభై చెక్క మేకులు, ఆయన చేతిలో నొక్కితే ఆగే గడియారం. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చూడాలని ఆ శాస్త్రమే చెబుతుందట. ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు. కాని మిల్లులో నూరుమందికి పైగా ఉన్నారు, గడువు దగ్గర పడుతోంది. ఆదోనిలోనే ఒక వడ్రంగి చేత పన్నెండు పలకలు చేయించి, పన్నెండుమందిని ఒకేసారి వరండాలో వరసగా కూర్చోబెట్టాడు.

“అమ్మల్లారా, ఈ మేకులన్నీ ఈ బెజ్జాల్లో పెట్టాల. ఎంత బిన్నా, ఎంత తొందరగా పెడితే అంత మంచిది. అయిపోయినోళ్ళు చెయ్యెత్తండి” అన్నాను.

“పెడితే ఏమిస్తారప్పా?”

“ఏమీ ఇయ్యరు. చూస్తారు, అంతే.”

“చూసేదానికా అంత దూరం నుంచి వచ్చినాడు? పెండ్లి కాలేదేమో పాపం, యాడన్నా పిల్ల ఉంటే సెప్పండే” అంది ఒకతె. వరసంతా నవ్వింది. ఆయనకు అర్థం కాక ఆయనా నవ్వాడు. గడియారం నొక్కాడు.

వేళ్ళు కదిలాయి. పడుచువాళ్ళ వేళ్ళు చూస్తుంటే కన్ను నిలవదు. సగం అయింది, ముప్పాతిక అయింది. తరవాత చప్పుడు సన్నగిల్లింది. ఒకతె చివరి మేకు వేళ్ళ మధ్య పట్టుకుని దూలాల వైపు చూస్తోంది. ఇంకొకతె మేకుతో చెవి గోక్కుంటోంది. పెద్దమ్మ పలకలో ఇంకా తొమ్మిది బెజ్జాలు ఖాళీ. బిగిసిన వేళ్ళతో ఒక్కో మేకూ పట్టుకోవడం, జారడం, మళ్ళీ పట్టుకోవడం. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ చివరి మేకు దింపింది. పన్నెండు చేతులు ఒక్కసారి లేచాయి.

పన్నెండు పేర్లకూ ఒకటే అంకె. ఆయన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాడు.

నాకు మాత్రం ఆశ్చర్యం వేయలేదు. మెట్టపల్లెలో పుట్టినవాణ్ణి. కలుపుకో, కోతకో దిగిన కూలీలు చేనుకు అడ్డంగా వరస కడతారు. ఆ వరసను మునుం అంటారు. మునుం పట్టాక ఎవరూ ముందుకు పోకూడదు. చేయి తిరిగినది ముందుకు పోతే వెనకబడినది గట్టుమీది రైతు కంట్లో పడుతుంది, మర్నాడు ఆవిడకు పిలుపు ఉండదు. అందుకని చురుకైనవాళ్ళు ఆగుతారు, లేదా పక్కసాలులో రెండు మొక్కల కలుపు తామే తీసేస్తారు. బాలింత ఉంటుంది, జ్వరం నుంచి లేచినది ఉంటుంది, ముసలిది ఉంటుంది. ఈరోజు ఆవిడ, రేపు నేను. దీనికి ఎవరూ పేరు పెట్టలేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు. మునుం విరగ్గొట్టినదానితో మాత్రం ఊళ్ళో నీళ్ళ దగ్గర ఎవరూ మాట్లాడరు.

ఆ సాయంత్రం ఇదంతా ఆయనకు చెప్పాను. తెలిసిందని చూపించుకోవాలనే ఉబలాటం. చెబితే ఆ అంకెలు పక్కన పడేస్తాడనే నమ్మకం కూడా. ఆయన “చాలా ఆసక్తికరంగా ఉందండీ” అని నోటుబుక్కులో రాసుకున్నాడు. మర్నాడు అదే ఆసక్తితో మేనేజరుకు చెప్పాడు.

మేనేజరు నన్ను పిలిపించాడు. “ఏమన్నా, మీ పల్లె ఆడోళ్ళు దొంగనాటకం ఆడినారంట కదా. ఒక్కొక్కదాన్నే నా రూముకు పంపు. తలుపేస్తే యాడిది మునుం, యాడిది గినుం?”

“ఇది చదువుకు సంబంధించిన పరీక్ష కదా. మీకెందుకు?” అన్నాను.

గోడమీది నా వార్త వైపు చేయి చూపించి నవ్వాడు. “నువ్వే రాసినావు గదన్నా, శాస్త్రీయమని. మిల్లు సావుకారు వయసు మళ్ళినోళ్ళను తీసెయ్యమన్నాడు. నేను తీసేస్తే యూనియనోళ్ళు గేటుకాడ కూర్చుంటారు. శాస్త్రం తీసేస్తే ఎవనితో కొట్లాడతారు? ముసల్దాని అంకె ఒగటి సపరేటుగా నాకు కావాల. మాలూమయిందా?”

అప్పుడు తెలిసింది, ఆ గేటు మాకు అంత సులువుగా ఎందుకు తెరుచుకుందో.

పరుగున పోయి పరిశోధకుడితో చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. “నేను ఫలితాలు మాత్రమే ఇస్తానండీ. వాటితో వాళ్ళేం చేసుకుంటారన్నది నా పరిధిలోది కాదు” అన్నాడు. ఆ తరవాత నా వృత్తిలో ఈ వాక్యం చాలామంది నోట విన్నాను. కలెక్టరాఫీసులో విన్నాను, పోలీసు స్టేషనులో విన్నాను. అంత మెత్తని గొంతుతో మాత్రం ఇంకెవరూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే గుడిసెల దగ్గరికి పోయాను. పెద్దమ్మ జొన్నరొట్టె తడుతోంది. సంగతి చెప్పాను. ఈసారి ఒక్కొక్కరినే పిలుస్తారని, నీ అంకె కోసమే ఇదంతా అని. ఆవిడ రొట్టె తిప్పింది.

“మేము ఆగినామని ఆయప్పకు ఎట్ల తెలిసెనప్పా? ఆయప్ప మన దిక్కు మనిషి కాదే.”

ఆవిడ తలెత్తి చూసింది.

“నువ్వేనా?”

తల వంచుకున్నాను. రొట్టె మాడిన వాసన వచ్చింది. ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టింది. “సరే. పో. పనికి యాళయితాంది” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పరీక్షకు నేను మళ్ళీ మధ్యవర్తిగా పోయాను. నేను పోకపోతే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ముందుమాటలో నా పేరు ఇంకా నా కళ్ళముందు ఆడుతూనే ఉంది.

మేనేజరు గది. తలుపు మూశారు. మొదట పెద్దమ్మ వచ్చింది. పలక ముందు కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా, తనకు పట్టినంత సేపు పట్టించి లేచింది. మేనేజరు ఆ అంకెను చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. తరవాత వరసలో అందరికన్నా చురుకైన పడుచుపిల్ల వచ్చింది. గడియారం నొక్కారు. ఆమె మేకు తీసింది, పెట్టింది. ఇంకోటి తీసింది, పెట్టింది. తొందర లేదు, ఆలస్యమూ లేదు. పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. ఆ పెదవుల్ని చూస్తూ ఉండగా నాకు అందింది. కలుపు పాట. మా ఊళ్ళోనూ అదే వరస. పాదం ముగిసిన చోట ఒక మేకు. మళ్ళీ పాదం, మళ్ళీ మేకు.

వాళ్ళ దగ్గర గడియారం లేదు. పెద్దమ్మ వేళ్ళకు సరిపడే పాటను ఎంచుకుని వచ్చారు. ఎప్పుడు కూర్చుని కొలుచుకున్నారో, ఎన్నిసార్లు ఆవిడ చేత మేకుల బదులు చింతగింజలు పెట్టించి చూసుకున్నారో నాకు తెలియదు.

పన్నెండుమందీ వచ్చి వెళ్ళారు. అంకెల మధ్య తేడా నాలుగైదు టిక్కులు. మేనేజరు జేబులో కాగితం తీసి చూశాడు, నలిపి పారేశాడు. పరిశోధకుడు తల పట్టుకున్నాడు. “వీళ్ళకు వ్యక్తిగత భేదాలే లేవేమిటండీ! ఇలా అయితే నా అధ్యాయం ఏమైపోవాలి?”

ఈసారి నేను నోరు విప్పలేదు. నా జన్మలో వార్త దాచింది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రం హోటల్లో ఆయన్ను అడిగాను. ఒక్క ముక్క రాసివ్వండి. ఈ అంకెలు సరైన పద్ధతిలో తీసినవి కావు, వీటిని బట్టి ఎవరినీ పనిలోంచి తీయకూడదు అని మేనేజరుకు ఒక చీటీ. అంతే.

“రాస్తే గైడు అడుగుతారు, పద్ధతి ఎందుకు తప్పారని. గుంపుగా ఎందుకు కూర్చోబెట్టారని. మూడేళ్ళ పనండీ నాది. నమోదు పోతుంది.”

“ఆవిడకు కూడు పోతుంది.”

“మీరు భావోద్వేగంతో మాట్లాడుతున్నారు.”

“అవును. మనసును గురించి చదివినోడివి నువ్వే గదా. దీన్ని కూడా కొలుచుకో” అన్నాను. గ్లాసు తోసేసి లేచి వచ్చాను. ఆయనను నువ్వు అన్నది అదే మొదలు, అదే ఆఖరు.

మేనేజరు నేననుకున్న దానికన్నా తెలివైనవాడు. ముసల్దాన్ని విడిగా చూపించే అంకె దొరకలేదు కనుక ఉన్న అంకెనే వాడుకున్నాడు. పన్నెండుమందీ ముసల్దానంత నిదానస్తులని శాస్త్రం తేల్చింది కదా. పన్నెండుమందికీ ఆ వారమే పని ఆగిపోయింది. సుగ్గి సగంలో ఉంది, వేరే మిల్లుల్లో వరసలు నిండిపోయాయి. గుడిసెల కర్రలు పీక్కుని, చాపలు చుట్టి, ఎమ్మిగనూరు బస్సు టాపు మీద వేసుకుని పోయారు. నేను ఈ సంగతంతా రాసి పంపాను. అది అచ్చు కాలేదు. ఎందుకని అడిగితే, మొన్ననే మెచ్చుకుంటూ రాసి ఇప్పుడు తిట్టడం బాగుండదన్నారు.

రెండేళ్ళకు ఆ సిద్ధాంత గ్రంథం ప్రతి ఒకటి మిల్లుకు వచ్చింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. మేనేజరు బల్లమీద చూశాను. ఈ ప్రాంతపు స్త్రీ కార్మికుల్లో హస్తనైపుణ్యం తక్కువగానూ, పరస్పర భేదం లేకుండానూ ఉన్నదని, అది బహుశా మెట్ట వ్యవసాయపు జీవితంలోని జడత్వం వల్ల కావచ్చునని ఒక పేజీలో ఉంది. మునుం అన్న మాట ఎక్కడా లేదు. నేను చెప్పగా ఆయన రాసుకున్న నోటుబుక్కు పేజీ గ్రంథంలోకి రాలేదు. ముందుమాటలో ‘స్థానిక విలేఖరి ఒకరు’ సహకరించారని మాత్రం ఉంది. పేరు లేదు. అందుకు మాత్రం ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ గ్రంథం చదివి పరీక్షించిన పెద్దల్లో ఒక్కరికైనా, పన్నెండు చేతులు ఒకేసారి ఎందుకు లేస్తాయని అడగాలనిపించలేదు. జడత్వం అన్న మాట ఆ పెద్దల దగ్గరినుంచి మొదలుపెట్టి ఉండవలసింది.

ఆ పన్నెండుమందినీ నేను మళ్ళీ ఒకసారి చూశాను. వాళ్ళ పని పోయిన ఏడాదే, శ్రావణంలో. వానల సంగతి రాయడానికి ఎమ్మిగనూరులో బస్సు మారి గోనెగండ్ల పోతున్నాను. దారిలో టైరు పంక్చరయింది. అందరం దిగాం. రోడ్డు పక్కన కొర్రచేలో కలుపు తీస్తున్నారు. వరస చూశాను. నడుమన తెల్లజుట్టు.

పోవాలా వద్దా అని గట్టుమీదే నిలబడ్డాను. ఆ పడుచుపిల్లే ముందు చూసింది. “పెద్దమ్మా, ఆ మేకులాయప్ప వచ్చినాడు” అంది.

పెద్దమ్మ నడుం ఎత్తింది. ఎండకు చేయి అడ్డం పెట్టుకుంది. “ఏమప్పా, గడియారం తెచ్చినావా?”

“లేదు పెద్దమ్మా. బస్సు ఆగిపాయ.”

“మరి ఊరికే నిలబడితే ఏం లాభం? ఆ కొసన సాలు ఖాళీగా ఉండాది. రైతింటి మనిషి రాలేదు ఈపొద్దు. పట్టు.”

ఎవరో కొడవలి విసిరారు. చొక్కా చేతులు మడుచుకుని దిగాను. చదువుకని ఊరు విడిచి పన్నెండేళ్ళయింది. కొర్ర ఏదో గడ్డి ఏదో చూసుకునేసరికే నడుం పట్టేసింది. చెమట కళ్ళల్లోకి కారుతోంది. కాసేపటికి తలెత్తి చూస్తే వరస నాకు బారెడు దూరమైనా పోలేదు. పదకొండుమందీ, ముసలావిడా, గడ్డి లేని చోట గడ్డి పీకుతున్నట్టు వంగి ఉన్నారు. నా పక్కసాలులోని పడుచుపిల్ల చేయి చాచి నా సాలులో రెండు మొక్కల చుట్టూ కలుపు లాగేసింది. నా వైపు చూడలేదు.

బస్సు హారను మోగింది. లేవలేకపోయాను. సాలు ఇంకా సగమే అయింది.

“పో అప్పా, పో, బస్సు పోతాది” అంది పెద్దమ్మ. “సగం సాలుకే ఇంతసేపు. నీ కాడ ఆ మేకులు పెట్టించి ఉంటే నిన్ను ఏ మిల్లోడూ గేటు కూడా దాటనీడు.”

వరసంతా నవ్వింది. నేను కొడవలి గట్టుమీద పెట్టి బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే, ఆ పిల్లా పెద్దమ్మా కలిసి నేను వదిలేసిన సాలు పూర్తి చేస్తున్నారు. తక్కిన వాళ్ళు ఆగి ఉన్నారు.